‘అతివేగం’ గడిలో కనిపించని కారణం: హ్యాండిల్ ఎందుకు ఊగుతుంది?

రోడ్డు ప్రమాదాలపై కేంద్ర రవాణా శాఖ ఏటా వెలువరించే నివేదికలో, ప్రమాదానికి దారితీసిన ఉల్లంఘనల పట్టిక ఒకటి ఉంటుంది. అతివేగం, మద్యం, రాంగ్ సైడ్, సిగ్నల్ జంప్, సెల్‌ఫోన్, చివరగా ‘ఇతరాలు’. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. మొత్తం మరణాల్లో 71 శాతానికి పైగా ‘అతివేగం’ ఖాతాలో పడ్డాయి.

అతివేగం ప్రాణం తీస్తుందన్నది నిజం. కానీ ఆ ఒక్క మాట దగ్గర విచారణ ఆగిపోతోంది. ఒకే రోడ్డు మీద, ఒకే వేగంతో వెళ్తున్న రెండు బైకుల్లో ఒకటి నిటారుగా సాగిపోతుంది, రెండోదాని హ్యాండిల్ ఉన్నట్టుండి అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? టైరా, బేరింగా, వెనుక కట్టిన సామానా, రోడ్డు మీది అతుకా? ఈ ప్రశ్నకు ఆ పట్టికలో గడి లేదు.

2021 సెప్టెంబరులో సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి సమీపంలో బైకు మీంచి పడినప్పుడు వేగం గురించి, రోడ్డు మీది ఇసుక గురించి పెద్ద చర్చే జరిగింది. అది టైరు పట్టు తప్పిన ఘటన. జనానికి తెలిసిన ప్రమాదం కూడా అదే. పట్టు ఉండగానే, రోడ్డు నున్నగా ఉండగానే బండి తనంతట తానే ఊగి పడేసే ప్రమాదం మరొకటి ఉంది. దాని గురించి మాట్లాడుకోవడం తక్కువ.

రెండు రకాల ఊపు

ఇంజినీర్లు దీన్ని రెండుగా విడదీస్తారు. మొదటిది వాబుల్. ముందు చక్రం, ఫోర్కు, హ్యాండిల్ మాత్రమే సెకనుకు ఆరు నుంచి పది సార్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి. తీవ్రమైతే హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా వెళ్లి తగులుతుంది. రెండోది వీవ్. ఇందులో హ్యాండిల్‌తో పాటు బండి మొత్తం పాములా మెలికలు తిరుగుతుంది, వెనుక భాగం తోక ఊపినట్టు ఊగుతుంది. ఇది నెమ్మదైన ఊపు, సెకనుకు రెండు నుంచి నాలుగు సార్లు. వీవ్ ఎక్కువగా హైవే వేగాల్లో బయటపడుతుంది. వాబుల్ మాత్రం 60-80 కిలోమీటర్ల వేగంలో కూడా రావచ్చు. అంటే నాలుగు వరుసల రహదారిపై ద్విచక్ర వాహనాలకు 2018లో కేంద్రం నిర్ణయించిన 80 కిలోమీటర్ల పరిమితి లోపల ఉన్నంత మాత్రాన దీన్నుంచి తప్పించుకున్నట్టు కాదు.

సూపర్ మార్కెట్ ట్రాలీ ముందు చక్రం తోసేకొద్దీ గిలగిల్లాడటం అందరూ చూసిందే. సూత్రం అదే. బైకు ముందు టైరు నేలను తాకే చోటు, హ్యాండిల్ తిరిగే ఇరుసు రేఖకు కాస్త వెనుక ఉంటుంది. అందుకే చక్రం పక్కకు తిరిగితే రోడ్డే దాన్ని మళ్లీ మధ్యకు లాగుతుంది. బైకు తిన్నగా పోవడానికి ఇదొక ముఖ్య కారణం. కానీ రబ్బరు టైరు తన బలాన్ని తక్షణం ఇవ్వదు, కొంత దూరం దొర్లాకే ఇస్తుంది. ఆ ఆలస్యం వల్ల చక్రం మధ్యకు వచ్చి ఆగకుండా అవతలికి దాటిపోతుంది. బేరింగుల రాపిడి, రైడర్ చేతులు, టైరు గుణం కలిసి ఆ ఊపును అణచగలిగితే ఒకటి రెండు కుదుపులతో సర్దుకుంటుంది. అణచలేకపోతే ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. దానికి కావాల్సిన శక్తి బండి ముందుకు పోయే వేగం నుంచే వస్తుంది.

యాభై ఏళ్ల నాటి పాఠం

ఇది కొత్త సంగతేమీ కాదు. బ్రిటన్ ఇంజినీర్ రాబిన్ షార్ప్ 1971లో ప్రచురించిన పరిశోధన పత్రంలో, టైర్ల ప్రవర్తనను కూడా లెక్కలోకి తీసుకుని ఈ రెండు ఊపులను గణితంతో వివరించారు. హ్యాండిల్ ఊపును తగ్గించడానికి బిగించే స్టీరింగ్ డ్యాంపర్ వాబుల్‌ను అణచినా, ఎక్కువ వేగంలో వీవ్‌ను మరింత పెంచవచ్చని కూడా ఆ విశ్లేషణలో తేలింది. ఒక జబ్బుకు వేసిన మందు ఇంకో జబ్బును పెంచడమన్నమాట. ఆన్‌లైన్‌లో దొరికిన డ్యాంపర్ కొని బిగించేసి, ఇక భయం లేదనుకునేవారు గుర్తుంచుకోవాల్సిన విషయమిది.

పేరున్న కంపెనీలు కూడా ఇక్కడ దెబ్బతిన్నాయి. 1997లో మార్కెట్లోకి వచ్చిన సుజుకీ టీఎల్ 1000 ఎస్ హ్యాండిల్ తీవ్రంగా కొట్టుకుంటోందని బ్రిటన్‌లో ఫిర్యాదులు వెల్లువెత్తడంతో, కంపెనీ ఆ బళ్లను వెనక్కి పిలిచి స్టీరింగ్ డ్యాంపర్లు బిగించాల్సి వచ్చింది.

మన రోడ్లు, మన బరువులు

భారత్‌లో 2024-25లో సుమారు 1.96 కోట్ల ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి. వాటిలో లీటరు ఇంజిన్ల సూపర్ బైకుల వాటా నామమాత్రం. అసలు మార్పు మధ్య తరగతి బైకుల్లో జరుగుతోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బైకులపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. గంటకు 110-130 కిలోమీటర్లు అందుకునే బండి ఇప్పుడు తొలి ఉద్యోగంలో చేరిన కుర్రాడి ఈఎంఐకి అందుబాటులో ఉంది.

ఆ బండిని వాడే తీరే ఇక్కడ కీలకం. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు 65వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లే బైకులను గమనిస్తే చాలు. వెనుక ఒకరు, వారి వీపున ఒక బ్యాగు, ఆ వెనుక కడ్డీకి కట్టిన సూట్‌కేసు. వెనుక ఇరుసు దాటి బరువు పెరిగేకొద్దీ ముందు చక్రం తేలికవుతుంది, వీవ్‌ను అణచే శక్తి తగ్గుతుంది. దీనికి తోడు గాలి తగ్గిన టైరు, చూడటానికి బాగుంటుందని కంపెనీ సైజు కాదని వేయించిన లావు టైరు, బ్యాలెన్సింగ్ చేయించని చక్రం. అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది మెకానిక్కులు ‘కోన్ సెట్’ అని పిలిచే హ్యాండిల్ బేరింగ్. గుంతల్లో పడీపడీ అది వదులవుతుంది, లేదా మధ్యలో గాడి పడుతుంది. ఊళ్లో 40లో తిరిగేటప్పుడు ఇవేవీ తెలియవు. వంతెన అతుకు మీదో, రంబుల్ స్ట్రిప్ మీదో 90లో ఎక్కినప్పుడు ఒక్కసారిగా బయటపడతాయి.

బేరింగ్ పరీక్ష కష్టమేమీ కాదు. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లో ఉండేలా చేసి, ఫోర్కు కింది భాగాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగాలి. టక్‌టక్ మంటే వదులైనట్టు. హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పినప్పుడు మధ్యలో ఆగినట్టనిపిస్తే గాడి పడినట్టు.

చేతులు చేసే పొరపాటు

ఊపు మొదలయ్యాక మనిషి సహజంగా చేసే రెండు పనులూ ప్రమాదకరమే. ఒకటి, హ్యాండిల్‌ను బిగబట్టి ఎదురు తిప్పడం. సెకనుకు ఎనిమిది సార్లు ఊగే హ్యాండిల్ ఒక చుట్టు పూర్తి చేయడానికి పట్టేది సెకనులో ఎనిమిదో వంతు. మనిషి కన్ను చూసి, చెయ్యి కదిలేలోపే అది ఇటు నుంచి అటు వెళ్లి తిరిగి వచ్చేసి ఉంటుంది. అలా తిప్పిన చెయ్యి ఊపును ఆపకపోగా దానికి తోడవుతుంది. రెండు, ముందు బ్రేకు గట్టిగా నొక్కడం. బరువంతా అప్పటికే అదుపు తప్పిన చక్రం మీద పడుతుంది.

థ్రాటిల్‌ను క్రమంగా వదలడం, మోకాళ్లతో ట్యాంకును పట్టుకోవడం, శరీరాన్ని ముందుకు వంచడం, చేతులు హ్యాండిల్ మీదే ఉంచి భుజాలు బిగించకుండా ఉండటం వల్ల చాలా సందర్భాల్లో వేగం తగ్గుతూనే ఊపు సద్దుమణుగుతుంది. చాలా మంది రైడర్లు ఈ మాట వినకుండానే హైవే ఎక్కుతున్నారు.

నియంత్రణలో ఖాళీ

ప్రభుత్వ దృష్టి ఇంతవరకు ప్రధానంగా హెల్మెట్ మీద, బ్రేకు మీద ఉంది. అది అవసరమే. 2022లో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది. 125 సీసీ దాటిన బైకులన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. అయితే బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూడటమే ఏబీఎస్ పని, ఊగే హ్యాండిల్‌ను అది ఆపలేదు. ఇంకోవైపు బెంగళూరు-మైసూరు వంటి ఎక్స్‌ప్రెస్‌వేల ప్రధాన మార్గం మీద బైకులను నిషేధించారు. దీనివల్ల ఆ రోడ్డు మీద ప్రమాదం తప్పుతుంది గానీ, బండి మాత్రం మరో హైవే మీదకు అదే వదులు బేరింగ్‌తో వెళ్తుంది.

సొంత వాడకం బైకుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ కాలమంతా పొగ సర్టిఫికెట్ అడుగుతారు తప్ప టైరు, బేరింగ్, స్వింగ్ ఆర్మ్ బుష్ ఎలా ఉన్నాయో చూసే ఏర్పాటు లేదు. పొగ పరీక్షకు వచ్చిన బండికే రెండు నిమిషాల్లో హ్యాండిల్ వదులు, టైరు అరుగుదల చూసి యజమానికి చీటీ రాసివ్వడం అసాధ్యమేమీ కాదు. కొత్త బండిలోనే లోపం ఉంటే, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 110ఎ సెక్షన్ కింద రీకాల్‌కు ఆదేశించే అధికారం కేంద్రానికి ఉంది. కానీ ఒకే మోడల్ మీద ఒకే తరహా ఫిర్యాదులు నమోదైతేనే ఆ అధికారానికి అర్థం. ‘స్పీడుగా తోలాడు, పడ్డాడు’ అని రాసుకునే చోట అలాంటి ఫిర్యాదు పుట్టదు.

ప్రమాద వివరాలను డిజిటల్‌గా నమోదు చేయడానికి ఐఐటీ మద్రాస్, ఎన్ఐసీ కలిసి రూపొందించిన ఐరాడ్ వ్యవస్థ ఇప్పటికే పోలీసుల చేతుల్లో ఉంది. ఎదుటి వాహనం లేకుండా బైకు ఒక్కటే పడిపోయిన ప్రతి కేసులోనూ టైరు గాలి, బేరింగ్ స్థితి, వెనుక బరువు, రోడ్డు ఉపరితలం నమోదు కావాలి. వేగం ఎంతో తెలిస్తే తప్పెవరిదో చెప్పవచ్చు. ఆ వేగంలో బండి ఎందుకు నిలబడలేదో తెలిస్తే తర్వాతి ప్రమాదాన్ని ఆపవచ్చు.