వఫాదారీ సరే, ఎవరికి?



మా చీపురుపల్లిలో మనవాళ్ల ఇళ్లు తక్కువే. ఆ కాసిని ఇళ్లలోనూ బచ్చాల చేతికి వీడియో గేములు వచ్చేశాయి. లాప్‌టాప్ ఉన్నవాడు ఆడతాడు. లేనివాడు ఇంకెవరో ఆడుతుంటే యూట్యూబ్‌లో చూస్తాడు. ఈమధ్య వాళ్లలో ఒక బహస్ నడుస్తోంది. 'అసాసిన్స్ క్రీడ్' అని పెద్ద గేముల సిరీస్ ఒకటుంది. అలాంటి సిరీస్ పక్కన పుట్టే చిన్న గేముని స్పిన్-ఆఫ్ అంటారు. పేరు అదే, ప్రపంచం అదే. హీరో వేరు, ఊరు వేరు, ఒక్కోసారి ఆట తీరే వేరు. ఆ పిల్ల గేము తల్లి సిరీస్‌కి కట్టుబడి ఉండాలా వద్దా అన్నది వాళ్ల తగువు. "కట్టుబడనోళ్లకి ఆ పేరెందుకు చాచా? ఏటి హక్కుంది ఆళ్లకి?" అని ఒకడు నన్నే నిలదీశాడు.

మన బుజుర్గుల జవాబు మీకు తెలిసిందే. ఇదంతా లగ్వ్, వఖ్త్ బర్బాద్. నమాజు కజా చేసుకుని ఆడేవాడి విషయంలో నాకు వాళ్లతో పేచీ లేదు. కానీ ఈ సవాల్‌ని మాత్రం తీసిపారెయ్యొద్దు. ఎందుకంటే ఆ సిరీస్ కట్టింది మన తారీఖ్ ఇటుకలతో. దమిష్క్, బైతుల్ ముఖద్దస్, బగ్దాద్, అమృత్‌సర్ - ఇవీ ఆ గేముల ఊళ్లు. అల్తాయిర్, అర్బాజ్, బాసిమ్ - ఇవీ ఆ హీరోల పేర్లు. ఇంట్లో మనం చెప్పని కిస్సాలు బచ్చాలకు అవే చెబుతున్నాయి. చెప్పేవాడు సరిగ్గా చెబుతున్నాడా లేదా అని అడగడం లగ్వ్ ఎలా అవుతుంది?

నా జవాబు ఇదీ. వఫాదారీ ఉండాల్సిందే. అయితే ఆ కథ ఎవరి దగ్గర తెచ్చుకున్నారో ముందు వాళ్లకి. సిరీస్ వంతు ఆ తర్వాత. రెండూ ఢీకొన్నచోట సిరీసే పక్కకి జరగాలి.

సిరీస్‌కి కట్టుబడి తీరాలనే నౌజవాన్లు ముందు ఆ సిరీస్ పుట్టుక చూడాలి. 1989లో జోర్డన్ మెక్నర్ అనే అమెరికన్ 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' చేశాడు. తర్వాత ఆ పేరు యూబీసాఫ్ట్ కంపెనీ చేతికొచ్చింది. 2003లో వాళ్ల మాంట్రియల్ స్టూడియో 'సాండ్స్ ఆఫ్ టైమ్' తెచ్చి పేరు నిలబెట్టింది. ఆ తర్వాతి ప్రిన్స్ గేము కోసం పాట్రిస్ డెసిలే బృందం పనికి కూర్చుంది. రాకుమారుణ్ని పక్కన పెట్టి, అతన్ని కాపాడే అసాసిన్‌ని హీరో చేసింది. ప్రిన్స్ హీరో కాని గేముకి ప్రిన్స్ పేరు కుదరదంది కంపెనీ. ఆ పేరు వదిలేసి, 2007లో 'అసాసిన్స్ క్రీడ్'గా బయటికొచ్చింది. అంటే మీరు అసల్ అనుకుంటున్నది కూడా ఒకప్పుడు తల్లి మాట వినని పిల్లే. ఆనాడు డెసిలే బుద్ధిగా సిరీస్‌కి కట్టుబడి ఉంటే ఇవాళ మీ బహస్‌కి సిరీసే లేదు.

ఇంకో మెట్టు కిందికి దిగుదాం. మొదటి గేము నడిచేది 1191లో, మూడో క్రూసేడ్ రోజుల్లో, షామ్ దేశంలో. అక్కడ మస్యాఫ్ కోటలో రషీదుద్దీన్ సినాన్ నాయకత్వంలో నిజారీ ఇస్మాయిలీలు నిజంగానే ఉన్నారు. అంతకు వందేళ్ల ముందు, 1090లో, హసన్ బిన్ సబ్బాహ్ ఇరాన్ కొండల్లో అలమూత్ కోట పట్టుకున్నాడు. వాళ్ల అఖీదాతో మనకు ఇఖ్తిలాఫ్ ఉండొచ్చు. అది వేరే మాట. హషీష్ తాగించి హత్యలకు పంపేవాళ్లన్న కథని వాళ్ల మీద అల్లింది మాత్రం వాళ్ల దుష్మన్లు. క్రూసేడర్లు దాన్ని యూరప్‌కి మోసుకెళ్లారు, మార్కో పోలో మసాలా దట్టించాడు. ఆ కథ ఎలా పుట్టిందో ఫర్హాద్ దఫ్తరీ అనే చరిత్రకారుడు 1994లో ఒక కితాబ్ నిండా విప్పి చూపించాడు. అంతకు చాలా ముందే, 1938లో, వ్లాదిమిర్ బార్తోల్ అనే స్లొవేనియా రచయిత ఆ కథ మీద 'అలమూత్' నవల రాసేశాడు. మొదటి గేముకి ప్రేరణ ఆ నవలే. సత్యమంటూ ఏదీ లేదు, దేనికీ అడ్డు లేదు అనే అర్థం వచ్చే నినాదం ఒకటి ఆ సిరీస్‌కి కలిమాలాగా నడుస్తుంది. అది అక్కడి నుంచి వచ్చిందే.

ఆ నిజారీలు ఎక్కడికీ పోలేదు. ఆగా ఖాన్‌ని ఇమామ్‌గా నమ్మే జమాత్ వాళ్లే. మన హైదరాబాద్ శివారులో 2011లో ఆగా ఖాన్ అకాడమీ తెరిచింది వాళ్ల సంస్థే. బతికున్న జమాత్ మీద దుష్మన్లు చెప్పిన కథ, దాని మీద నవల, దాని మీద గేము. ఇంతా నకల్ మీద నకల్ అయ్యాక, చివర పుట్టిన పిల్ల గేముని పట్టుకుని "అసల్‌కి కట్టుబడు" అంటే, ఏ అసల్‌కి బేటా?

ఆ మొదటి హీరో పేరు చూడండి: అల్తాయిర్ ఇబ్న్ లా-అహద్. అరబీ వచ్చినవాళ్లకి అర్థమవుతుంది, ఎవరికీ కొడుకు కానివాడని. నసబ్‌కి అంత విలువిచ్చే ఖౌమ్ నుంచి హీరోని తెచ్చి, వల్దియత్ దగ్గర సున్నా చుట్టారు. తర్వాత తండ్రి పేరు ఉమర్ అని చేర్చారు. 2007లో ఆ షామ్ వాసి నోట అమెరికన్ యాస పలికింది. 2011 నాటి 'రివలేషన్స్'లో మనిషిని మార్చి, యాస మార్చి పలికించారు. చూశారా, సిరీసే సిరీస్‌కి కట్టుబడి లేదు. తప్పు దిద్దుకోడానికి కట్టుబాటు దాటింది. బాగా చేసింది.

ఇక మన గడ్డ మీదికొచ్చిన స్పిన్-ఆఫ్ సంగతి. 2016 జనవరిలో 'అసాసిన్స్ క్రీడ్ క్రానికల్స్: ఇండియా' వచ్చింది. కాలం 1841, సిక్కు రాజ్యానికీ ఈస్టిండియా కంపెనీకీ మధ్య నిప్పు రాజుకుంటున్న రోజులు. హీరో అర్బాజ్ మీర్, కశ్మీరీ ముసల్మాన్ పేరు. కోహినూర్ చుట్టూ కథ. కృష్ణ ఒడ్డున మన కొల్లూరు గనుల్లో పుట్టిందని చెప్పుకునే ఆ రాయే. గోడల మీద రంగులు, జాలీలు, బూటాలు కళ్లకి ఇంపుగా ఉంటాయి. కాదనను.

అయితే అందులో సిరీస్‌కి వఫాదారీ మొత్తం ఉంది. తల మీద టోపీ ముసుగు, మణికట్టు దగ్గర దాచిన కత్తి, ఎత్తునుంచి దూకుడు, టెంప్లర్ దుష్మన్లు, ఏదీ తగ్గలేదు. తగ్గింది అర్బాజ్. అతని నోట కథ ఇంగ్లీషులో నడుస్తుంది. అమ్మీ ఎవరో, ఉస్తాద్ ఎవరో, ఏ దస్తర్‌ఖాన్ మీద తిన్నాడో, ఒక ముసల్మాన్ సిక్కు దర్బారు పక్షాన ఎందుకు నిలబడ్డాడో మనసుకి పట్టేలా ఒక్క ముక్క లేదు. అదే ఏడాది రష్యా పేరుతో, అంతకు ముందు ఏడాది చైనా పేరుతో అదే వరసలో గేములొచ్చాయి. ఒకే కుట్టు, మూడు రంగుల లిబాస్.

అసలు అన్యాయం ఇంకోటుంది. ఆ గేములో విలన్లలో ఒకడు విలియం స్లీమన్. అతను తారీఖ్‌లో నిజంగా ఉన్న మనిషి. కంపెనీ ఠగ్గీ విభాగానికి పెద్ద. ఠగ్గులనే రహస్య హంతకుల ముఠా గురించి, వాళ్ల రహస్య భాష గురించి 1836లో కితాబ్ అచ్చేసినవాడు. అందులో ఎంత నిజం, ఎంత కంపెనీ కల్పన అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఒక్క నిమిషం ఆలోచించండి. క్రూసేడర్లు షామ్‌లో రహస్య హంతకుల కథ చెప్పారు. కంపెనీ దొర హిందుస్తాన్‌లో అలాంటి కథే చెప్పాడు. ఆ దొరని తెచ్చి, ఆ పాత కథలోంచి పుట్టిన హీరో ఎదుట నిలబెట్టారు. అడగాల్సిన సవాల్ అక్కడే నోరు తెరుచుకుని ఉంది. మన మీద ఈ హంతకుల కిస్సాలు ఎవరు రాశారు, ఎందుకు రాశారు? తల్లి సిరీస్ ఏనాడూ అడగని మాట ఈ పిల్ల గేము అడగొచ్చు. దానికి తీరిక లేకపోయింది. సిరీస్ లాంఛనాలన్నీ తీర్చాలి కదా.

"మిరాజ్ చూడు చాచా, అది ఎంత బాగుంది" అంటారు మావాళ్లు. నిజమే, 2023 అక్టోబరులో వచ్చిన ఆ గేము వేరే మెట్టు మీద ఉంది. ముందు 'వల్హల్లా' అనే పెద్ద గేముకి అదనపు భాగంగా మొదలై, విడిగా ఎదిగింది. 861 నాటి బగ్దాద్, ఖలీఫా ముతవక్కిల్ హత్య జరిగిన ఏడాది. అబ్బాసీల గుండ్రటి నగరం, బైతుల్ హిక్మా, జంజ్ తిరుగుబాటు లేవదీయబోయే అలీ బిన్ ముహమ్మద్, అన్నీ ఉన్నాయి. కథ మొత్తం అరబీలో వింటూ ఆడొచ్చు. ఆ కాలపు బగ్దాద్ గురించి చదువుకునే పేజీలు గేములోనే పెట్టారు. ఇది అమానత్‌ని అమానత్‌లా చూడటం. షుక్రియా చెప్పాల్సిందే.

కానీ ఆ బాసిమ్‌ని చివరికి ఏం చేశారు? వీధుల్లో దొంగతనాలు చేసి బతికిన అనాథ కుర్రాడు. రాత్రుళ్లు కలలో ఒక జిన్ అతన్ని పీడిస్తుంటుంది. ఆ జిన్ ఎవరు? బాల్యం తాలూకు గాయమా, గుండెలో దాచుకున్న గునాహా? ఏదైనా కావచ్చు. కాదు, ఉత్తర యూరప్ పురాణాల్లోని లోకీ తాలూకు జ్ఞాపకం! ఎందుకంటే 2020 నాటి 'వల్హల్లా'లో బాసిమ్ లోకీకి మరో జన్మ అని ముందే రాసి పెట్టేశారు. సిరీస్ మాట పోకూడదు. అందుకని బగ్దాద్ బిడ్డ ఆత్మని తీసుకెళ్లి వైకింగుల దేవుడికి అప్పజెప్పారు. అంత శ్రద్ధగా కట్టిన షహర్‌లో, అంత చక్కటి అరబీ మాట్లాడే కుర్రాడికి సొంత రూహ్ లేకుండా పోయింది. సిరీస్‌కి వఫాదారీ ఎవరి ఖర్చు మీద నడుస్తుందో ఇంతకంటే సుబూత్ ఏం కావాలి?

"కథ అన్నాక స్వేచ్ఛ ఉండొద్దా?" అంటారు. ఎందుకుండొద్దు? మన దాస్తాన్‌గోలు తీసుకున్న స్వేచ్ఛ ముందు ఈ కంపెనీలెంత! హజ్రత్ హంజా (రజి) రసూలుల్లాహ్ (స) బాబాయి, ఉహుద్ షహీద్. ఆయన పేరు మీద 'దాస్తానె అమీర్ హంజా' అని దేవులతో, పరీలతో, జాదూగర్లతో ఎంత లోకం అల్లారో! అక్బర్ దాన్ని బొమ్మలు వేయిస్తే దాదాపు 1400 అయ్యాయి. 17వ శతాబ్దంలో మన గోల్కొండ కుతుబ్‌షాహీల నీడకి చేరిన హాజీ కిస్సాఖ్వాన్ హమదానీ ఆ కథని ఫార్సీలో తన తీరున చెప్పాడు. ఇక లక్నో నవల్ కిశోర్ ప్రెస్ 1883 నుంచి అచ్చేసిన 'తిలిస్మె హోష్‌రుబా' అయితే నిఖార్సయిన స్పిన్-ఆఫ్. ఫార్సీ అసల్‌లో లేని తిలిస్మ్‌ని లక్నో దాస్తాన్‌గోలు సొంతంగా కట్టారు. ముహమ్మద్ హుసేన్ జాహ్, ఆయన తర్వాత అహ్మద్ హుసేన్ కమర్ రాశారు. అది తల్లి దాస్తాన్‌ని మించి పేరు తెచ్చుకుంది.

అంత స్వేచ్ఛలోనూ ఉమ్రో అయ్యార్ అయ్యారే. జంబీల్ సంచిలో లోకమంతా దాచే ఆ టక్కరిని పట్టుకెళ్లి ఇంకో మతం దేవుడికి మారువేషం అనలేదు. వినేవాళ్లు ఎదురుగా కూర్చునేవాళ్లు, అదే జబాన్ మాట్లాడేవాళ్లు, తేడా వస్తే మొహం మీదే చెప్పేవాళ్లు. హంజా ఎవరో వాళ్లు దాస్తాన్ విని నేర్చుకోలేదు. ఇంట్లో, మస్జిద్‌లో ముందే తెలుసు. ఇవాళ చీపురుపల్లి కుర్రాడికి బైతుల్ హిక్మా పేరు మొదట వినబడుతున్నదే గేములో. ఎక్కడో కూర్చుని గేము కట్టేవాణ్ని వాడు అడ్డుకోలేడు. అందుకే ఆ చెప్పేవాడి జిమ్మేదారీ దాస్తాన్‌గో కంటే ఎక్కువ, తక్కువ కాదు.

ఇది యూరప్, అమెరికా కంపెనీల రోగం మాత్రమే అనుకోకండి. మన తెలుగు 'బాహుబలి'నే చూడండి. 2015 నాటి మొదటి భాగంలో సుదీప్ వేసిన అస్లం ఖాన్ అనే కత్తుల వ్యాపారి వస్తాడు. కట్టప్ప చేతి వాటం చూసి దోస్తీ కలుపుతాడు, అవసరమైతే కబురు పెట్టమని మాటిచ్చి వెళ్తాడు. 2017లో రెండో భాగం వచ్చింది. అస్లం ఖాన్ రాలేదు. అదే ఏడాది మూన్‌ఫ్రాగ్ కంపెనీ 'బాహుబలి: ద గేమ్' తెచ్చింది. మాహిష్మతి కట్టుకో, సైన్యాన్ని పెంచుకో, కాలకేయుల్ని తరుము. సినిమాకి పూర్తిగా కట్టుబడిన గేమ్. తల్లి కథ గుమ్మం దగ్గర నిలబెట్టి మరిచిపోయిన మనిషిని లోపలికి పిలవాల్సింది పిల్ల కథే కదా. మాటిచ్చి వెళ్లిన ఆ ముసల్మాన్ ఏమయ్యాడు? ఆ గేము ఎంతమంది ఆడినా, తెలుగు తెర మీద ఆ మాట ఇంకా బాకీయే.

అమ్మీలకీ అబ్బాలకీ నా గుజారిష్. ఫోను లాక్కోవడం ఒక్కటే తర్బియత్ అనుకోకండి. ఒక పూట పక్కన కూర్చోండి. "ఈ అర్బాజ్ ఇంటి పేరు మీర్ ఎందుకైంది? ఈ స్లీమన్ నిజంగా ఉన్నాడా? బగ్దాద్‌లో ఆ రోజుల్లో ఏం చదివేవారు?" అని మీరే అడగండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి.

నౌజవాన్లకి ఒక మాట. ఈసారి స్పిన్-ఆఫ్ మీద బహస్ పెట్టుకున్నప్పుడు కత్తి పాత గేములోలాగే ఉందా అని ఒక్కటే చూడకండి. ఆ పేరు మోస్తున్న మనిషికి తన జబాన్, తన ఇల్లు, తన రూహ్ దక్కాయా అని చూడండి. మీలో బీటెక్ చదువుతున్నవాళ్లున్నారు, బొమ్మలు గీసేవాళ్లున్నారు. ఆ కంపెనీ వాళ్లు కట్టింది సరిపోలేదని మనసులో ఉంటే, హమదానీ గోల్కొండలో కూర్చుని చేసిన పని మీరు చీపురుపల్లిలో కూర్చుని చెయ్యండి. కథ మనదైనప్పుడు, చెప్పడానికి ఏ సిరీస్ ఇజాజత్ అక్కర్లేదు.