చక్కెర కేక

స్టేజీ మీదికొస్తూనే "అసూకార్!" అని ఓ కేక పెట్టేవారు సీలియా క్రూజ్. స్పానిష్‌లో అసూకార్ అంటే చక్కెర. ఆ ఒక్క మాటకే హాలు హాలంతా హోరెత్తిపోయేది.

ఈ కేక పుట్టింది మియామీలోని ఓ హోటల్లో. కాఫీలో చక్కెర వెయ్యమంటారా, వద్దా అని సర్వరు అడిగాడట. క్యూబావాడై ఉండి, తమ కాఫీ ఎంత చేదో తెలిసీ అడుగుతాడేమిటని ఆవిడ విస్తుపోయారట. ఈ ముచ్చట ప్రతి ప్రోగ్రాంలోనూ చెప్పి చెప్పి, చివరికి కథ వదిలేసి చక్కెర ఒక్కటే మిగిల్చారు!

పుట్టింది 1925 అక్టోబరు 21న, హవానాలో. తండ్రి రైలింజన్లో బొగ్గు వేసే ఉద్యోగి. కూతురు పంతులమ్మ కావాలని ఆయన కోరిక. పాటలు పాడే ఆడపిల్లంటే చిన్నచూపు అక్కడా ఉండేది మరి! టీచరు చదువు చదువుతూనే ఓ రేడియో పోటీలో పాడి కేకు గెల్చుకున్నారు. టీచరు నెలకు తెచ్చుకునేది నువ్వు ఒక్కరోజులో సంపాదిస్తావని, పాఠం చెప్పే పంతులమ్మే అనడంతో దారి మారింది.

1950లో సొనోరా మతాన్సేరా బృందంలో మిర్తా సిల్వా స్థానంలో చేరారు. పాత గాయనికి అలవాటుపడ్డ శ్రోతలు ఈవిడెవరంటూ ఉత్తరాలు గుప్పించారు. బృందనాయకుడు రొహేలియో మార్తినేస్ మాత్రం జంకలేదు. ఆడగొంతుతో రుంబా రికార్డు అమ్ముడుపోదని అమెరికా కంపెనీవారు నసిగితే, పోకపోతే ఖర్చు తానే భరిస్తానన్నారట. రికార్డు బ్రహ్మాండంగా పోయింది!

1960 జూలై 15న బృందం ప్రోగ్రాముల కోసం మెక్సికో వెళ్లింది. క్యూబాలో కాస్ట్రో అధికారానికొచ్చి ఏడాదిన్నర. బృందం మళ్లీ వెనక్కి వెళ్లలేదు. 1962 ఏప్రిల్లో తల్లి పోయారు. కడసారి చూపుకి రానివ్వమంటే ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఎంతటి గొంతైతేనేం, ఆ గడప దాకా చేరలేదు. క్యూబా రేడియో కూడా ఆవిడ పాటల్ని దశాబ్దాలపాటు దూరం పెట్టింది.

అదే సంవత్సరం జూలైలో, బృందంలో ట్రంపెట్ వాయించే పెద్రో నైట్‌ని పెళ్లాడారు. కొన్నేళ్లకు ఆయన వాద్యం పక్కనపెట్టి భార్య వ్యవహారాలు చూసుకోసాగారు. ఇలాంటి భర్తలు ఏ దేశపు కళారంగంలోనైనా అరుదే లెండి!

అమెరికాలో మొదటి రోజులు చప్పగానే గడిచాయి. టిటో పువెంతేతో చేసిన రికార్డులు అంతగా అమ్ముడుపోలేదు. 1974లో జానీ పచేకోతో చేసిన ఆల్బం, అందులోని "కింబారా" పాట దుమ్ము దులిపేశాయి. యాభయ్యో పడికి దగ్గరవుతూ సల్సా మహారాణి అనిపించుకున్నారు! అదే ఏడు ఆఫ్రికాలో, కిన్షాసా స్టేడియంలో వేలాదిమందిని ఊపేశారు. రంగురంగుల విగ్గులు, తళుకు గౌన్లు తర్వాత్తర్వాత ఆవిడ గుర్తులైపోయాయి. హాలీవుడ్ వారి "ది మాంబో కింగ్స్" (1992)లో క్లబ్బు యజమానురాలిగా వేశారు కూడా.

1990లో మాత్రం ఒక్కసారి క్యూబా నేల తొక్కారు. అదీ గ్వాంతనామోలో, అమెరికా నౌకాదళపు స్థావరంలో పాడేందుకు. కంచెకి అవతలున్నదే సొంత దేశం. వంగి పిడికెడు మట్టి తీసుకుని దాచుకున్నారు.

2003 జూలై 16న, 77 ఏళ్ల వయసులో న్యూజెర్సీలో కన్నుమూశారు. ఆ మట్టిని ఆవిడతోపాటే శవపేటికలో ఉంచారు.