ఇంట్లోనే ఎర్రమిరప సాస్

సమోసాల పళ్ళెం ముందుకు రాగానే పిల్లల చేతులు అంగడి సాస్ సీసా వైపు సాగుతాయి. సోదరీమణులారా! ఈసారి ఆ సీసాపై ముద్రించిన పదార్థాల జాబితాను చదవండి. ఏది ఎక్కువ బరువుంటే దానిని ముందుగా రాయాలన్నది నియమం. అందులో పంచదార ఎన్నవదో, మిరప ఎన్నవదో చూశాక ఈ వంటకానికి మీరే పూనుకుంటారు.

పది బ్యాడిగి మిరపకాయలు, నాలుగు గుంటూరు మిరపకాయలు తీసుకోండి. మొదటివి రంగునిస్తాయి, రెండవవి కారాన్నిస్తాయి. కారమంతా గింజల్లోనే ఉంటుందనుకుంటాం గాని, అది అధికంగా ఉండేది గింజలను పట్టి ఉంచే తెల్లని ఈనెలో. కారం తగ్గాలంటే దానిని కూడా తీసివేయాలి. కాయలను వేడినీటిలో అరగంట నానబెట్టి, పూర్తిగా చల్లారాక, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలతో మెత్తగా రుబ్బండి.

'పూర్తిగా చల్లారాక' అన్న మాటను తేలికగా తీసుకోవద్దు. ఒకసారి అతిథులు వచ్చే వేళయిందన్న తొందరలో వేడికాయలనే మిక్సీలో వేసి మూత బిగించాను. ఆవిరి మూతను ఎగదన్నింది. పక్కనే నిలబడిన మా చిన్నమ్మాయి కంట్లో ముద్ద పడింది. పావుగంటసేపు ధారగా చల్లని నీటితో కడిగితే గాని బిడ్డ కన్ను తెరవలేకపోయింది. ఆనాటి నుండి మిక్సీ తిరుగుతున్నంతసేపు పిల్లలను వంటగదిలోకి రానివ్వను. చేతుల మంటకైతే ముందు నూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. కారపు ఘాటు నూనెలో కరిగినట్లు నీటిలో కరగదు.

రుబ్బిన ముద్దకు కప్పు నీరు, రెండు పెద్ద చెంచాల పంచదార, ముప్పావు చిన్న చెంచా ఉప్పు చేర్చి, సన్నని సెగపై ఎనిమిది నిమిషాలు ఉడికించండి. చిన్న చెంచా మొక్కజొన్న పిండిని చన్నీటిలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. మూడు పెద్ద చెంచాల సిర్కా, అంటే వెనిగర్, చివరనే పోయాలి. పులుపుతో ఎక్కువసేపు మరిగితే పిండి చిక్కదనం సడలిపోతుంది. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలు ఇందుకు పనికిరావు.

చల్లారాక తడిలేని గాజుసీసాలో పోసి, ఫ్రిజ్‌లో ఉంచి, రెండు వారాల్లో వాడేయండి. మా అత్తగారికి కారం సరిపడదు. ఆమె కోసం గుంటూరు కాయలు వేయకుండా ఒక చిన్న గిన్నెడు వేరుగా చేస్తాను. పిల్లలు తమ సీసాను వదిలి ఆ గిన్నె చుట్టూనే చేరుతున్నారు!