చచ్చాడని రాసినవాడే రుజువు చూపాలి
తన ఆలోచనే తన ఉనికికి సాక్ష్యమని ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ 1637లోనే తేల్చేశాడు. ఆయన అదృష్టం, తహసీల్దారు ఆఫీసులో పని పడలేదు. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా వాసి లాల్ బిహారీ బ్యాంకు అప్పు కోసం కాగితాలు తెచ్చుకోబోతే, రెవెన్యూ రికార్డుల్లో తను చనిపోయి ఉన్నాడు. భూమి కోసం బంధువులు చేయించిన పని అది. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా గెలిచింది కాగితమే. 1975 నుంచి 1994 దాకా ఆయన ప్రభుత్వం లెక్కలో శవం. పేరు చివర ‘మృతక్’ అని తగిలించుకున్నాడు, తనలాంటివాళ్ళతో మృతక్ సంఘం పెట్టాడు, ఎన్నికల్లో నిలబడ్డాడు, చివరికి భార్యకు వితంతు పింఛను ఇమ్మని కూడా అడిగాడు. (ఆ అర్జీ ముందు ఏ తత్వగ్రంథమైనా దిగదుడుపే!) ఉనికి అనేది వస్తువుకుండే గుణాల్లో ఒకటి కాదని జర్మన్ తత్వవేత్త కాంట్ వాదించాడు, మన కచేరీల్లో మాత్రం అదొక గడి, నింపే కలం ఇంకొకడి చేతిలో ఉంటుంది. బతికున్నానని నిరూపించుకునే భారం బతికున్నవాడి మీద వేయడమే అసలు అన్యాయం. చచ్చాడని రాసినవాడు చూపించాలి రుజువు. ఆ రోజు వచ్చేదాకా, ఊరెళ్ళినప్పుడు మీ భూమి అడంగలో పహాణీయో ఓసారి తీయించి చూసుకోండి.