కార్డు కోసిగిలో, కడుపు పల్నాడులో

సంక్రాంతి దాటిందంటే పల్నాడులో మనుషులు చాలరు. మిరప పండింది పండినట్టు కోయాలి, తాలు ఏరాలి, కల్లంలో ఆరబోయాలి. ఊళ్లో కూలీలు సరిపోక రైతు మేస్త్రికి ఫోన్ చేస్తాడు. కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు, ఆదోని వైపు నుంచి లారీలు కదులుతాయి. సుగ్గికి, అంటే కోతల వలసకు, పోతున్నామని చెప్పి ఇంటికి తాళం వేసి, సత్తుగిన్నెలు, దుప్పట్లు, చంటిబిడ్డలతో వచ్చే కుటుంబాలవి. నరసరావుపేట పరిసరాల నుంచి మాచర్ల దాకా పొలం గట్ల మీద, ఊరి చివర ఖాళీ జాగాల్లో పట్టాల గుడారాలు లేస్తాయి. ఉగాది నాటికి మళ్లీ ఆ జాగాలు ఖాళీ.

ఈ మూడు నెలలూ వీళ్లు ఏం తింటున్నారో మనం అడగం. కూలి ఎంత, కోత ఎంతవరకు వచ్చింది, కాయ మెత్తబడిందా, ఇవే మన మాటలు. వాళ్లు కొట్లో బియ్యం కొంటారు. మేస్త్రి దగ్గర తీసుకున్న అడ్వాన్సులోనో, వారానికోసారి చేతికొచ్చే కూలిలోనో ఆ ఖర్చు పోతుంది. అదే నెలలో వాళ్ల ఊరి స్టోరులో వాళ్ల పేరు మీద బియ్యం ఉంటాయి. మనిషికి 5 కిలోలు. అంత్యోదయ కార్డయితే ఇంటికి 35 కిలోలు. పైసా కట్టక్కర్లేదు. 2024 జనవరి నుంచి అయిదేళ్లపాటు ఉచితమే అని కేంద్రం ఇదివరకే ప్రకటించింది. నలుగురున్న ఇంట్లో నెలకు 20 కిలోల బియ్యం కొనడమా, మానడమా అన్నది చిన్న తేడా కాదు. కోసిగిలో అప్పు తీర్చడానికే ఇంత దూరం వచ్చిన వాళ్లకు అసలే కాదు.

చాలామంది రైతులకు కూడా తెలియని సంగతి ఒకటుంది. ఆ బియ్యం కోసం కోసిగి వెళ్లనక్కర్లేదు. కార్డు నంబరు చెప్పి, వేలిముద్ర వేస్తే ఆంధ్రప్రదేశ్‌లో ఏ స్టోరులోనైనా ఇవ్వాలి. రాష్ట్రం దాటినా ఇవ్వాలి. ‘ఒకే దేశం–ఒకే రేషన్ కార్డు’ను 2019 ఆగస్టులో దేశంలో మొట్టమొదట మొదలుపెట్టిన రాష్ట్రాల్లో మనమూ ఉన్నాం. ఒక జత ఆంధ్ర, తెలంగాణ. రెండో జత గుజరాత్, మహారాష్ట్ర. మాచర్ల నుంచి సాగర్ దాటి హైదరాబాద్ మేస్త్రి పనికి వెళ్లినవాడు అక్కడే బియ్యం తెచ్చుకోవచ్చు. అలాంటప్పుడు కర్నూలు నుంచి గురజాల వచ్చినవాడు గురజాలలో తెచ్చుకోలేడా?

తెచ్చుకోలేకపోతున్నాడు. మొదటి కారణం భయం. ఇంటి దగ్గర ముసలి తల్లిదండ్రులు ఉంటారు, బడి మానకూడదని వదిలి వచ్చిన పిల్లలు వాళ్ల దగ్గరుంటారు. ‘ఈడ తీసుకుంటే ఆడ మా అమ్మకు ఆగిపోతాదేమో’ అన్న అనుమానం ఉన్నవాడు స్టోరు గడప తొక్కడు. కోటా మొత్తాన్నీ ఒకేచోట తీసుకోవాలని లేదు, ఇక్కడ కొంత తీసుకుంటే మిగిలింది ఇంటి దగ్గరవాళ్లు తీసుకోవచ్చు. ఆ విధానాన్ని తయారుచేసిందే ఇందుకు. కానీ ఈ ముక్క వాళ్ల గుడారం దాకా వెళ్లి చెప్పిందెవరు?

రెండోది వేళ. తెల్లవారకముందే వంట, తెల్లారేసరికి చేలో. చీకటి పడ్డాక గుడారం. 2021 జనవరిలో వచ్చిన రేషన్ బండ్లు, రాష్ట్రం మొత్తం మీద 9,260, వీధి చివరకు వచ్చి వెళ్లిపోయేవి. ఊరివాళ్లకే అవి ఎప్పుడొస్తాయో తెలిసేది కాదు, పొలంలో ఉన్న పరాయి ఊరివాడికి ఎలా తెలుస్తుంది? 2025 జూన్ 1 నుంచి బండ్లు తీసేసి మళ్లీ స్టోర్లు తెరిచారు. నెలలో 1 నుంచి 15 వరకు, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. బండి మేలా, షాపు మేలా అని పార్టీలు ఎంతైనా వాదించుకోవచ్చు గానీ, సుగ్గి కూలీ సంగతి వరకు షాపే నయం. రాత్రి 8 దాకా ఒక తలుపు తెరిచి ఉంటుంది. ఆ తలుపు నిజంగా 8 దాకా తెరిచి ఉండాలి, అంతే.

ఇక డీలరు మాట. అతనికి సరుకు కార్డుల లెక్కన వస్తుంది. మూడు లారీల మనుషులు దిగిన ఊళ్లో ఆ సరుకు వారం తిరక్కముందే అయిపోతుంది. ‘మా వాళ్లకే సరిపోవట్లా, మీకెక్కడ తెచ్చేది’ అంటాడు. అతణ్ని తిట్టి లాభం లేదు. ఏ ఊళ్లోకి ఏ నెలలో ఎంతమంది దిగుతారో రైతుకు తెలుసు, మేస్త్రికి తెలుసు, సచివాలయంలో అడిగితే వాళ్లకూ తెలుసు. జనవరి నుంచి మార్చి వరకు ఆ స్టోర్లకు అదనపు సరుకు ముందే పంపడం పౌరసరఫరాల శాఖకు బ్రహ్మవిద్య కాదు. ఏటా వచ్చే సీజనే కదా, తుపాను కాదు.

‘కోటా బియ్యం ఎవరు తింటున్నారండీ, అమ్ముకుంటున్నారు’ అని ఒకరు తప్పకుండా అంటారు. నిజమే, రేషన్ బియ్యం లారీలు పట్టుబడ్డ వార్తలు మన జిల్లా పేజీలో చూస్తూనే ఉన్నాం. అక్కర లేనివాడి బియ్యం మిల్లుకు తిరిగిపోతుంటే, అక్కర ఉన్నవాడు పక్క సందులో కొట్టు దగ్గర నిలబడి బియ్యం కొంటున్నాడు. దొంగ రవాణా మీద దాడులకు వెళ్లే అధికారులు ఈ రెండో మనిషిని కూడా ఒకసారి చూడాలి.

పిల్లల విషయం ఇంకా ఘోరం. తల్లి కాయ కోస్తుంటే ఆరేడేళ్ల పిల్ల గట్టున చంటోణ్ని ఆడిస్తూ కూర్చుంటుంది. అరకిలోమీటరు దూరంలో అంగన్‌వాడీ ఉంటుంది, బడి ఉంటుంది, బడిలో మధ్యాహ్నం వేడి అన్నం ఉంటుంది. 2013 ఆహార భద్రతా చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు బిడ్డకు, గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలో ఆహారం హక్కు అంటుంది. నీ సొంతూరు ఏదని అడగదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాది మధ్యలో వచ్చినా బడిలో చేర్చుకోనని హెడ్‌మాస్టరు అనడానికి లేదు. మన రాష్ట్రంలో బడి భోజనానికి ఇప్పుడున్న పేరు డొక్కా సీతమ్మది. గోదావరి లంకల్లో దారిన పోయేవాళ్లకు, ఊరూ పేరూ అడగకుండా వండి పెట్టిన తల్లి ఆవిడ. ఆ పేరు పెట్టుకున్న పథకం బడి గోడ అవతల మిరప చేలో ఉన్న పిల్లకు అందకపోతే ఆ పేరు ఎందుకు?

పట్టణాల్లో అన్న క్యాంటీన్లున్నాయి. 2018లో మొదలై, ప్రభుత్వం మారాక మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడతో మళ్లీ తెరుచుకున్నాయి. పూటకు 5 రూపాయలు. నరసరావుపేట ఆసుపత్రికి వచ్చిన రోగి వెంట ఉన్నవాళ్లకు, ఆటోవాళ్లకు, రోజు కూలీలకు అది పెద్ద ఆసరా. పొలం గట్టున గుడారంలో ఉన్నవాడికి మాత్రం అది బస్సు చార్జీ అంత దూరం.

పల్నాడుకు కూడు సంగతి కొత్త కాదు. ఇక్కడ జొన్నకూడు తప్ప గతిలేదని శ్రీనాథుడు చాటువుల్లో ఆడిపోసుకున్నాడని చెప్పుకుంటాం. సాగర్ కుడి కాలువ వచ్చాక వరి అన్నం తిన్నాం, మిరప వేశాం, ఇప్పుడు జొన్నరొట్టె తినే సీమ నుంచి కూలీలను పిలుస్తున్నాం. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య వేళ వీరుల ఉత్సవాల్లో చాపకూడు చూసి పొంగిపోతాం. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని పిల్లలకు చెబుతాం. శివరాత్రికి కోటప్పకొండ కింద మాత్రం కులానికో సత్రంలో అన్నదానం చేస్తాం! ఆ ఒక్కరోజు ఆకలితో తిరిగి వెళ్లేవాడు ఉండడు, ఒప్పుకుంటాను. అది మన పెద్దమనసే. కానీ నేను అడుగుతున్నది దానం కాదు. ఆ బియ్యం సుగ్గి కూలీవే, ఆ బడి అన్నం వాళ్ల పిల్లలదే. మనం చూపించాల్సింది దారి మాత్రమే.

మిరపతోటకు నీళ్లు ఎప్పుడు కట్టాలో, మందు ఎప్పుడు కొట్టాలో రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. ముఠా దిగిన సాయంత్రం ఏం చేయాలో కూడా ఆ లెక్కలో చేరాలి. కార్డు, ఆధార్ నంబర్లు ఒక కాగితం మీద రాయించి, మీ ఇంటి నుంచి ఒక మనిషిని తోడిచ్చి స్టోరు దాకా పంపండి. అయిదేళ్లు దాటిన పిల్లను మర్నాడు బడికి తీసుకెళ్లండి, చంటిబిడ్డ పేరు అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి. కోసి కోసి వేలిముద్ర పడటం లేదని ఎవరినైనా వెనక్కి పంపితే అక్కడే నిలబడి, వేరే మార్గం ఏముందో చూడమని డీలరును అడగండి. అప్పటికీ బియ్యం లేవంటే 1967కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. ఫిర్యాదు వాళ్ల పేరు మీద వద్దు, మీ పేరు మీద రాయించండి. ఉగాదికి వాళ్లు వెళ్లిపోతారు, ఊళ్లో ఉండేది మీరే.