ఓటు చీల్చాడట!

ఫలితాలొచ్చిన రోజు సాయంత్రం ఏ టీవీ చర్చ పెట్టినా వినబడే మాట ఒకటుంది: ‘ఫలానావాడు ఓట్లు చీల్చాడు.’ ఓడినవాడు పళ్లు నూరుతూ అంటాడు, గెలిచినవాడు ముసిముసిగా నవ్వుతూ అంటాడు, విశ్లేషకుడు వేదవాక్కులా అంటాడు. ఓటేమన్నా వంటచెరుకా, ఎవడో వచ్చి చీల్చిపోవడానికి? తన ఓటు తనకు నచ్చినవాడికి వేసుకున్నాడు ఓటరు. అది ఇంకొకడి సొత్తు ఎప్పుడయింది?

ఈ నింద అందరికన్నా ఎక్కువ మోసినవాడు చిరంజీవి. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆయన ప్రజారాజ్యం పార్టీకి 16 శాతం పైగా ఓట్లు పడితే, 294 స్థానాల్లో దక్కినవి 18. కాంగ్రెస్ 36.5 శాతంతో 156 సీట్లు పట్టుకుపోయింది. నూటికి అరవై మందికి పైగా వేరేవాళ్లకు ఓటేస్తే కూడా పూర్తి మెజారిటీ వచ్చేసిందన్నమాట. ఇంత చిత్రమైన లెక్కను వదిలేసి జనం మెగాస్టార్‌ని బోనెక్కించారు. అదే ఎన్నికలో లోక్‌సత్తా పార్టీకి వేసినవాళ్లకూ అవే చీవాట్లు.

ఆ భయం ఇంకా పోలేదు. 2022లో ఇప్పటం సభలో పవన్ కల్యాణ్ ప్రభుత్వ వ్యతిరేక ఓటు చీలనివ్వనన్నారు. 2024లో ఆయన పార్టీ జనసేన పోటీ చేసింది 21 అసెంబ్లీ స్థానాల్లో, గెలిచింది ఆ 21. తెలివైన పనే, కాదనలేం. కానీ మిగతా 154 చోట్ల ఆ పార్టీ అభిమానికి సొంత అభ్యర్థే లేడు. ఓటరు చేయాల్సిన ఎంపికను పొత్తుల గదిలో నాయకులే కానిచ్చేశారు.

మూడోవాడు బరిలోకి దిగినంత మాత్రాన మొదటి ఇద్దరి తారతమ్యం మారకూడదన్నది 1951 నాటి పుస్తకంలో ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో పెట్టిన షరతుల్లో ఒకటి. అందరికన్నా ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలిచే మన పద్ధతి అక్కడే బోర్లా పడుతుంది. అంతకు చాలా ముందే, 1785లో, ముఖాముఖి పోటీలో ప్రతి ఒక్కరినీ ఓడించగలవాడే గెలవాలన్న కొలమానం ఫ్రెంచ్ గణితవేత్త కొండోర్సే ఇచ్చాడు. మన దగ్గర దానికీ హామీ లేదు. వందమంది ఊళ్లో 40 మంది ఒకణ్ణి కోరుకుని, ‘వాడు తప్ప ఎవరైనా సరే’ అనే 60 మంది ముప్ఫై ముప్ఫైగా విడిపోతే, ఆ అరవైమందికి గిట్టనివాడే సర్పంచి.

ఇక్కడ మేధావులు అదే ఆరోను చంకనబెట్టుకుని వస్తారు. ఏ పద్ధతీ అన్ని షరతులూ తీర్చలేదని ఆయనే నిరూపించాడు కదా, ఉన్నదానితో సర్దుకుందామంటారు. ఏ గొడుగూ తుపానుకు ఆగదని చిల్లుల గొడుగేసుకుని తిరుగుతామా? వాళ్లకు బర్లింగ్టన్ కూడా కంఠతా వచ్చు. అమెరికాలోని ఆ ఊళ్లో, అదే 2009లో, అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని అంకెలేసే ప్రాధాన్యత ఓట్లతో బాబ్ కిస్ మేయరయ్యాడు. ముఖాముఖిలో అందరినీ ఓడించగల ఆండీ మాంట్రోల్ మధ్యలోనే లెక్కలోంచి తప్పిపోయాడు. మరుసటి ఏడే ఊరు ఆ పద్ధతి మానుకుంది. లోపమే, ఒప్పుకోవాలి. కానీ పాత లెక్కే ఉంటే గెలిచేది కర్ట్ రైట్. ఆ ఇద్దరిలో ఎవరితో తలపడినా ఓడిపోయేవాడు! ఈ సగం కథ మాత్రం ఎవరూ చెప్పరు.

ప్రాధాన్యత ఓటు మనకేమీ పరాయి వింత కాదు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో ప్రధాన ప్రత్యర్థులిద్దరూ తెలుగువాళ్లే. మొదటి లెక్కలో వి.వి.గిరికి 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 విలువైన ఓట్లు. సగం ఎవరికీ దాటలేదు. రెండో ప్రాధాన్యతలు కలిపాక గిరి 4,20,077, రెడ్డి 4,05,427. 88 వేల తేడా 15 వేల లోపుకు దిగింది. అయినా దేశ్‌ముఖ్ ఓట్లు చీల్చాడని రెడ్డి శిబిరం దుమ్మెత్తిపోయడానికి వీల్లేకపోయింది. ఆ ఓట్లు వచ్చి చేరాక కూడా ఆయన ఓడారు మరి.

ఎంపీలకు, ఎమ్మెల్యేలకు ఈ సౌకర్యం ఉంది. మండలి ఎన్నికల్లో పట్టభద్రులకూ ఉంది. ఉపాధి హామీ పనికి పోయే మనిషికి మాత్రం లేదు. ఏమంటే, చదువులేనివాళ్లకు అర్థం కాదట! 2021లో వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల స్థానంలో 71 మంది పోటీ చేస్తే, డిగ్రీలున్నవాళ్ల ఓట్లే వేల సంఖ్యలో చెల్లకుండా పోయాయి. 1952, 1957ల్లో ద్విసభ్య నియోజకవర్గాల్లో ఈ ‘చదువులేనివాళ్లే’ రెండేసి ఓట్లు వేశారు. 1957లో పార్వతీపురంలో అలాంటి ఎన్నికలోనే ఓడిన గిరిగారు, రిజర్వుడు స్థానంతోపాటు జనరల్ స్థానమూ గిరిజన అభ్యర్థికి దక్కడం చెల్లదంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్లి అక్కడా ఓడారు. 1961 చట్టంతో ఆ నియోజకవర్గాలే పోయాయి.

అంకెలు వేయడం అంత కష్టమైతే, నచ్చినవాళ్లందరి బటన్లూ నొక్కనిస్తే సరి. ఈవీఎంలో అదెలా అమరుతుందో నిపుణులు చూసుకుంటారు. ఈలోగా వచ్చే ఎన్నికల రాత్రి మళ్లీ ఎవరో ఒక మూడో అభ్యర్థి బోనెక్కుతాడు. అతడికి ఓటేసినవాళ్ల రెండో ఎంపిక ఎవరో ఆ చర్చలో కూర్చున్న ఒక్కరికీ తెలియదు. బూత్‌లో వాళ్లనది ఎవరూ అడగనే లేదు.