ఇంటిల్లిపాదికీ రెండే కళ్లజోళ్లా?

పత్తి డబ్బు, మిర్చి డబ్బు చేతికందే రోజుల్లో పట్టణంలోని టీవీ షాపుల ముందు పల్లెజనం సందడి మామూలే. కొత్తది కొనే స్తోమత లేనివారు పాత సెట్లు అమ్మేచోటికి పోతారు. అక్కడ షాపు కుర్రాడు "ఇది త్రీడీ సెట్టండీ, బొమ్మ మీదికొస్తుంది" అని ఊరిస్తే, మరో రెండు మూడు వేలు పోతే పోయాయిలే అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ అదనపు సొమ్ము దండగ. ఎందుకు దండగో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

త్రీడీ మోజు ఇవాళ్టిది కాదు. 1984లో మలయాళంలో వచ్చిన 'మై డియర్ కుట్టిచాతన్' మన దేశంలో తొలి త్రీడీ చిత్రం. తెలుగులో 'చిన్నారి చేతన'గా ఆడింది. తెర మీది వస్తువు ముక్కు దాకా వస్తుంటే పిల్లలే కాదు, పెద్దలూ చెయ్యి చాచారు. 2009 డిసెంబర్‌లో 'అవతార్' వచ్చి ప్రపంచమంతటా కాసులు రాల్చుకోగానే, మరుసటి ఏడే పెద్ద కంపెనీలు ఇళ్లలో పెట్టుకునే త్రీడీ టీవీలను బజారులోకి దించాయి. హాలులోని వింత నట్టింట్లోకే వస్తుందన్నది వాటి ప్రచారం.

అందులో నిజం బొత్తిగా లేదనలేం. కుటుంబమంతా పట్టణానికి సినిమాకు వెళ్లాలంటే ఆటో చార్జీలు, టికెట్లు, పైగా కొన్నిచోట్ల కళ్లజోడుకు వేరే డబ్బు. మంచం దిగలేని ముసలివారికి ఆ హాలు ముఖం చూసే యోగమే లేదు. గుండె ఎలా కొట్టుకుంటుందో లోతుతో సహా చూపిస్తే బడిపిల్లలకు పుస్తకంలోని పటం కన్నా బాగా ఎక్కుతుంది కూడా.

కిటుకు చిన్నదే. మన రెండు కళ్ల మధ్య ఎడం సుమారు 6 సెంటీమీటర్లు. అందుకని ఒక కన్ను చూసే దృశ్యానికీ రెండో కన్ను చూసేదానికీ స్వల్ప తేడా ఉంటుంది. ఆ రెంటినీ కలిపి మెదడు లోతును పోల్చుకుంటుంది. త్రీడీ టీవీ కూడా ఏ కంటి బొమ్మను ఆ కంటికే పంపుతుంది. చాలా సెట్లలో ఆ పని కళ్లజోడు లేనిదే జరగదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఒక రకం కళ్లజోళ్లలో అద్దాలు టీవీతో లయ కలిపి సెకనుకు పదుల సార్లు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి. వాటికి బ్యాటరీ కావాలి. కొత్తలో జత ఖరీదు వేలల్లో ఉండేది. కొన్ని సెట్లతో ఒకటి రెండు జతలు ఇస్తే, కొన్నింటితో అవీ లేవు. ఇంట్లో ఎనిమిది మంది, వాకిట్లో పక్కింటి పిల్లలు మరో నలుగురు! కళ్లజోడు ఎవరికి పెట్టాలి, ఎవరిని లేచి పొమ్మనాలి? జోడు లేనివారికి కనిపించేది ఒకదాని మీద ఒకటి అలికినట్టుండే రెండు బొమ్మలు. రెండో రకం కళ్లజోళ్లు చవక, బ్యాటరీ అక్కర్లేదు, హాల్లో ఇచ్చే వాటివంటివే. కానీ ఆ రకం సెట్లలో చాలావాటికి ఒక్కో కంటికి తెరలోని సగం గీతలే అందుతాయి. ఏ రకమైనా బొమ్మ వెలుగు తగ్గుతుంది. పట్టపగలు తలుపులు బార్లా తీసి ఉండే పల్లె ఇంట్లో ఆ మసక బొమ్మ ఏపాటి?

పైగా పల్లెలో టీవీ చూసే తీరే వేరు. ఒకరు నులక మంచం మీద పక్కకు ఒరిగి చూస్తారు. ఒకరు చిక్కుళ్లు ఒలుస్తూ చూస్తారు. తల పక్కకు వాలితే త్రీడీ చెదిరిపోతుంది. కళ్లజోడుతో చిక్కుళ్లలో పురుగు కనబడదు. హాల్లో మూడు గంటలు కదలకుండా కూర్చునే మనిషి ఇంట్లో అలా కూర్చోడు. కంపెనీలకు ఈ సంగతి ముందే తట్టకపోవడం విడ్డూరం.

చూడ్డానికి కార్యక్రమాలూ కరువే అయ్యాయి. అమెరికాలో 2010లో మొదలైన ఈఎస్‌పీఎన్ త్రీడీ చానెల్ 2013లో మూతపడింది. ఆ ఏడాదే బ్రిటన్‌లో బీబీసీ కూడా త్రీడీ ప్రయోగానికి విరామం ప్రకటించింది. శామ్‌సంగ్ 2016లో, ఎల్‌జీ, సోనీ 2017లో త్రీడీ టీవీలకు స్వస్తి చెప్పాయి. హాల్లో మాత్రం త్రీడీ చావలేదు. మన 'కల్కి 2898 ఏడీ' 2024లో ఆ హంగుతోనే వచ్చింది. కనుక ఇప్పుడు ఎవరైనా త్రీడీ పేరు చెప్పి సెట్టు అంటగట్టబోతే, ఆ మోడలుకు సరిపోయే కళ్లజోళ్లు ఎన్ని ఇస్తారో, ఏ బొమ్మ వేసి చూపిస్తారో మొదట అడగాలి. మామూలు టీవీగా బాగుంటే ఆ ధరకే బేరమాడాలి.

త్రీడీ చూస్తే కళ్లు పోతాయన్న పుకారు ఒకటి ఉంది. దానికి ఆధారం లేదు. కొందరికి తలనొప్పి, కడుపులో తిప్పడం ఉంటాయి. జోడు తీస్తే తగ్గుతాయి. అయితే అందరూ అబ్బా అంటుంటే ఒక పిల్లవాడు "నాకేం మీదికి రావడం లేదు" అన్నాడంటే వాణ్ని వెక్కిరించకూడదు. రెండు కళ్లూ కలిసి పనిచేయకపోతే, ఒక కంటి చూపు మందగిస్తే త్రీడీ కనబడదు. ఇటువంటి లోపానికి చికిత్స ఎంత చిన్నతనంలో మొదలుపెడితే అంత గుణం. ఆ మాట అన్న పిల్లవాణ్ని ఆ వారంలోనే కంటి డాక్టరుకు చూపించాలి.